పొదుపు దినములలో విమాన విద్య: మన రైలుదారి చుట్టుప్రక్కల కథ

మన తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతమును చుట్టి మూడు విమానపు బాటలు కలవు. తూర్పున కలకత్తా రోడ్డు దాపున చోళవరము, పడమట అరక్కోణము, దక్షిణమున తాంబరము. ఈ మూడింటికిని పుట్టుక రెండవ ప్రపంచ యుద్ధ కాలముననే. శత్రువు గుమ్మము ముందు నిలిచిన పిమ్మట తొందర తొందరగా పరచిన బాటలివి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యని మన పెద్దలు చెప్పునది ఇట్టి పనినే. ఆ బావి ముందుగా ఎందుకు త్రవ్వలేదు, త్రవ్విన దానిని తరువాత ఏమి చేసినారము అనునదే ఈ వ్యాసమునకు విషయము. మేము సైనికులము కాము. రైల్వేలో గుమాస్తా పని చేసికొనువారము. అయినను ఒక పద్దు క్రింద మిగిల్చినది కొంతకాలమునకు వేరొక పద్దు క్రింద ఖర్చుగా తేలుట మాకు దినమును కంటబడు సంగతియే. ఆ కంటితోనే ఈ చరిత్రను చూచితిమి.

1929 తరువాత లోకమంతట వ్యాపారము పడిపోయినది. 1931లో ప్రభుత్వము ఖర్చుల కోతకు సంఘములను వేసి, ఉద్యోగుల జీతములలో నూటికి పది తగ్గించినది. రైల్వేలలో వేలకొలది నౌకరులు పోయినవి. రిట్రెంచిమెంటు అను మాట అప్పటి నుండియే రైల్వే ఇండ్లలో భయము గొల్పు మాటయైనది. సరిగా ఆ కరువు రోజులలోనే, 1932 అక్టోబరు 8న, భారత వైమానిక దళము కాగితముపై జన్మించినది. మరుసటి ఏప్రిలు 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డు వద్ద మొదటి ఫ్లయిటు నిలిచినది. దాని బలగమెంత? వాపిటి అను రెండు రెక్కల అంతస్తుల విమానములు నాలుగు, పైలట్లు ఐదుగురు, హవాయి సిపాయిలు పందొమ్మిదిమంది. ఆ వాపిటి విమానము సైతము పొదుపునకు పుట్టిన బిడ్డయే. మొదటి యుద్ధములో మిగిలిపోయిన విమానముల విడిభాగములు కొట్లలో మూలుగుచుండగా, అవి చెల్లునట్లుగా దానిని రూపొందించిరి.

ఇంగ్లండులోని క్రాన్‌వెల్ కళాశాలకు మొదట పోయిన మనవారు ఆరుగురు. అందులో టాండన్ అనువారు ఎత్తు చాలక పైలటు కాలేదు, సామాను శాఖకు మారవలసి వచ్చినది. మిగిలిన ఐదుగురిలో భూపేంద్ర సింగు, అమర్‌జీత్ సింగు అను ఇద్దరు 1933లోనే విమాన ప్రమాదములో మరణించిరి. ఒక దేశపు వైమానిక దళమునకు ఉన్న పైలట్లు ఐదుగురైనప్పుడు ఒక్క ప్రమాదముతో నూటికి నలువది పోయినట్లు! రెండవ ఫ్లయిటు 1936లో గాని రాలేదు. మూడు ఫ్లయిట్లు కూడి ఒక స్క్వాడ్రను పూర్తియగుటకు 1938 వచ్చినది. ఒక్క స్క్వాడ్రనుకు ఆరేండ్లు. 1939 మార్చిలో సుబ్రతో ముఖర్జీ దానికి నాయకుడైనాడు. ఒక స్క్వాడ్రను నడపిన తొలి భారతీయుడు ఆయనయే. ఆ సెప్టెంబరులో యుద్ధము వచ్చునప్పటికి దళములోని అధికారులు పదునారుగురు, ఇతరులు నూట నలువది నలుగురు.

డబ్బు లేనప్పుడు ఎవరైనను ఏమి చేయగలరని కొందరు అడుగవచ్చును. దానికి సమాధానము ఆ క్రాన్‌వెల్ కళాశాల పుట్టుకలోనే యున్నది. మొదటి ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి బ్రిటిషు వైమానిక దళములో మూడు లక్షలకు దగ్గరగా మనుష్యులుండిరి. రెండేండ్లు తిరుగునప్పటికి ఆ సంఖ్య ముప్పది వేల ప్రాంతమునకు దిగినది. ఆ దళమునకు పెద్దగా ఉండిన ట్రెంచర్డు, చేతికి వచ్చిన కొద్ది సొమ్మును విమానములు కొనుటకు పెట్టక పాఠశాలలకు పెట్టినాడు. 1920లో క్రాన్‌వెల్‌లో అధికారుల కళాశాల తెరచినాడు. హాల్టన్‌లో పదునైదు, పదునారేండ్ల కుర్రవాండ్రకు యంత్రపు పని నేర్పు బడి పెట్టినాడు. అప్పటికి అది చాలమందికి నచ్చలేదు. స్క్వాడ్రనులు లేని దళమునకు బడులెందుకని హేళన చేసిన వారును కలరు. ఇరువది ఏండ్ల తరువాత హిట్లరు విమానములు లండనుపై విరుచుకొని పడినప్పుడు, ఎదుర్కొన్న దళమునకు వెన్నెముకగా నిలిచినది ఆ బడులలో చదివిన వారే. గోడలు తరువాత లేపుకొనవచ్చును, పునాది మాత్రము ముందే పడవలెనని ఆయన గ్రహించినాడు. కోత వచ్చినప్పుడు ఏది కోయరాదో తెలిసినవాడే నాయకుడని మా అభిప్రాయము.

మన దేశములో అట్లు జరుగలేదు. యుద్ధము వచ్చిన తరువాత విమానము నడపనేర్చిన వారికై ఊరూర వెదకిరి. మదరాసు ఫ్లయింగు క్లబ్బు వంటి సంఘములలో సరదాకు నేర్చుకొన్న వారే దిక్కైరి. 1940లో అట్టి వారిని ఇరువది నలుగురిని ఏరి ఇంగ్లండుకు పంపిరి. రేవుల కాపలాకు కోస్టల్ డిఫెన్సు ఫ్లయిట్లు అనునవి లేచినవి. వానిలో ఒకటి మన మదరాసులో, ఒకటి విశాఖపట్టణములో ఉండెను. లైసెన్సు గల వ్యాపారులును, తోటల దొరలును, క్లబ్బు సభ్యులును రిజర్వు అధికారులై, మరల ఆ పాత వాపిటులనే ఎక్కి సముద్రముపై తిరిగిరి. వారి ధైర్యమును తక్కువ చేయలేము. కాని జపాను విమానవాహక నౌకలను ఎదుర్కొనుటకు వాపిటి ఏమూలకు?

1942 ఏప్రిలు 5న కొలంబోపై బాంబులు పడినవి. మరునాడు, 6వ తేదీన, విశాఖపట్టణముపైనను కాకినాడపైనను పడినవి. తెలుగు గడ్డపై ఆకాశము నుండి పడిన తొలి దెబ్బ అది. తరువాతి వంతు మదరాసుదే యని వదంతి పుట్టగానే పట్టణము ఖాళీ కాసాగినది. ప్రభుత్వ కార్యాలయములు లోపలి ఊళ్ళకు తరలినవి. సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న పీపుల్సు పార్కులోని సింహములు, పులులు బాంబుల గందరగోళములో తప్పించుకొని ఊరిమీద పడునేమో యని వానిని తుపాకులతో కాల్చి చంపిరి. జనము పిల్లలతో, మూటలతో పడమటి బండ్లెక్కి మన ఈ దారినే కదా పోయినారు! తిరువళ్ళూరు, అరక్కోణము ప్లాటుఫారములు ఆ వారములలో ఎట్లుండినవో ఊహించుకొనుట కష్టము కాదు. పదేండ్ల పొదుపునకు చెల్లింపు ఒక్క వారములో జరిగినది.

పిమ్మట అన్నియు తొందరపనులే. నిజాం రాష్ట్రములో బేగంపేటను ఒకటవ ప్రాథమిక విమాన శిక్షణాలయముగా చేసిరి. టైగర్ మాత్ అను చిన్న విమానములపై కుర్రవాండ్రకు అక్కడ ఓనమాలు దిద్దించి, అంబాలాకు పంపి హార్వర్డు విమానములపై పై చదువు చెప్పించిరి. కోస్టల్ ఫ్లయిట్లను ఎత్తివేసి, 1942 డిసెంబరు 1న విశాఖపట్టణములో 7వ స్క్వాడ్రనును, తిరుచిరాపల్లిలో 8వ స్క్వాడ్రనును నిలిపిరి. మన చుట్టుప్రక్కల పొలములలోను, చెరువు గట్లక్రిందను విమానపు బాటలు పడినది ఈ వేడిలోనే. యుద్ధము ముగియునప్పటికి ఒక్క స్క్వాడ్రను తొమ్మిదియైనది. దళములోని మనుష్యులు ఇరువది ఎనిమిది వేలు దాటిరి.

యుద్ధము ముగిసినది. బాటలపై గడ్డి మొలిచినది. చోళవరపు బాటపై 1950ల నుండి కార్ల పందెములు, మోటారుసైకిళ్ళ పందెములు మొదలై, కొన్ని దశాబ్దములపాటు దేశమంతట పేరు పొందినవి. ఈనాటి పెద్దవారిలో చోళవరమనిన విమానము తలచువారు అరుదు, పందెపు కారు తలచువారే ఎక్కువ. అరక్కోణపు బాటయు చాలకాలము పని లేక పడియుండెను. తాంబరపు బాటకు మాత్రము వేరు యోగము పట్టినది. దానిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. మన ప్రాంతమునకు ఇంత దాపున ఇట్టి విద్యాలయమున్నట్లు మనవారిలో ఎందరో ఎరుగరు.

స్వరాజ్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948 ఏప్రిలు 1న, అంబాలాలో ఫ్లయింగు ఇన్‌స్ట్రక్టర్సు స్కూలు తెరచిరి. 1954లో అది తాంబరమునకు వచ్చినది. ఇది విమానము నడుపుట నేర్పు బడి కాదు. విమానము నడుపుట నేర్పువారికి నేర్పు బడి. మనము హైస్కూలు మేష్టర్లకు ట్రెయినింగు కాలేజీ ఉండుటను ఎరుగుదుము గాని, విమానపు మేష్టర్లకును అట్టిది కావలయునని తోచదు. మొదటి ప్రపంచ యుద్ధములో మొదట ఎవరికిని తోచలేదు. యుద్ధరంగములో అలసిపోయినవారిని, గాయపడినవారిని విశ్రాంతికని తెచ్చి శిక్షకులుగా కూర్చుండబెట్టెడివారు. వారు శిష్యుని చూచి జంకుచు, ప్రమాదకరమైన విన్యాసములను అసలు చూపకయే పంపివేసెడివారు. శత్రువు గుండ్లకు బలియైన వారితోపాటు నేర్చుకొనుచునే కూలినవారును వేలకొలది. 1917లో గోస్పోర్టు అను చోట స్మిత్ బారీ యను అధికారి ఈ పద్ధతిని తలక్రిందులు చేసినాడు. ప్రమాదమును దాచుట కాదు, దానిలోనికి తీసికొనిపోయి బయటపడు విధము చూపుటయే విద్య యన్నాడు. రెండు చోట్ల నుండియు నడపదగిన విమానములు, శిష్యునితో గాలిలో మాటలాడుటకు గొట్టము, ముందుగా శిక్షకులకే శిక్షణ. నేటికిని లోకమున విమాన విద్యకు మూలమిదియే.

తాంబరములో జరుగునదియు ఇదియే. అక్కడికి వచ్చువారు అప్పటికే పైలట్లు. కాని తనకు చేతనైన పనిని చేయుచునే నోటితో వివరించుట వేరు విద్య. చేయి చేయుచున్న దానికి మాట ముందు గాని వెనుక గాని పడరాదు. దానిని వారు ప్యాటర్ అందురు. అంతకంటె కష్టమైనది మరొకటి కలదు. శిష్యుడు తప్పు చేయుచుండగా చూచుచు ఊరకుండుట. వెంటనే కడ్డీ లాగుకొన్నచో శిష్యునకు ఏమియు రాదు. ఒక క్షణము ఆలస్యము చేసినచో ఇద్దరును ఉండరు. ఈ రెండింటి నడుమ నున్న ఆ సందును గుర్తించుటయే శిక్షకుని విద్య. మా రైల్వేలో ఎంత అనుభవము గల డ్రైవరునకైనను, క్రొత్త మార్గమున రోడ్డు లెర్నింగు చేయనిదే బండి ఈయరు. ప్రతి మలుపు, ప్రతి సిగ్నలు వేరొకని ప్రక్కన నిలిచి చూడవలెను. ఆ దినములలో ఆయన బండి నడపడు, జీతము మాత్రము పుచ్చుకొనును. లెక్కల పుస్తకములో ఇది వట్టి ఖర్చుగనే కనబడును. విమాన శిక్షకుని సంగతియు అంతే. మంచి పైలటును స్క్వాడ్రను నుండి తీసి బడిలో కూర్చుండబెట్టినచో, ఆ యేడు దళము బలము ఒకటి తగ్గినట్లు కాగితము చెప్పును. పదేండ్లలో అతడు ఎందరిని తయారు చేసెనో ఆ కాగితములో ఎక్కడను కనబడదు.

1954 ఏప్రిలు 1న సుబ్రతో ముఖర్జీ, నాలుగు వాపిటుల నాటి ఆ యువకుడే, దళమంతటికిని పెద్దయైనాడు. అంతవరకు ఆ పీఠముపై ఇంగ్లీషువారే యుండిరి. ఆయన కాలములో హంటరు, కాన్‌బెర్రా, నాట్ విమానములు వచ్చినవి. 1960 నవంబరులో టోక్యోలో ఆయన ఆకస్మికముగా మరణించిరి.

ఇచ్చట తిరుత్తణి ప్రస్తావన వచ్చుచున్నది. 1960 ఏప్రిలు 1న సరిహద్దుల మార్పు చట్టము ననుసరించి తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. ఆ దినమున తిరుత్తణి తెలుగువారు ఇల్లు కదలకయే ప్రవాసాంధ్రులైరి. రెండేండ్ల తరువాత, 1962 మే 13న, అదే తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు రాష్ట్రపతియైనారు. రాజ్యాంగము ప్రకారము సేనలకు సర్వాధిపత్యము రాష్ట్రపతిదే. ఆ పీఠమెక్కి ఆరు నెలలు దాటకముందే, అక్టోబరు 20న, చీనా సేనలు హిమాలయములలో దిగినవి.

ఆ యుద్ధములో మన రవాణా విమానముల వారు చేసిన పని ఎన్న తరము కాదు. ఆంటనోవ్ విమానములలో ట్యాంకులను ఎక్కించి చుషూల్ వంటి ఎత్తయిన చోట దించిరి. కాని యుద్ధ విమానములను, బాంబరులను రంగములోనికి దింపలేదు. దింపినచో ఏమగుననునది నేటికిని పండితుల వాదములలో నలుగుచునే యున్నది. మాకు ముఖ్యముగా తోచునది వేరు. ఉన్న బలమును గూర్చి పాలకులకే నమ్మకము చాలకపోవుట. రాధాకృష్ణన్‌గారు ఈ విషయమున మొగమాటపడలేదు. ప్రభుత్వము అతిగా నమ్మినదనియు, అలక్ష్యము చేసినదనియు బాహాటముగనే తప్పు పట్టిరి. తానే అధ్యక్షుడైన ప్రభుత్వమును గూర్చి అట్లనుటకు గుండె కావలెను. యుద్ధమునకు ముందు సంవత్సరమున మూడు వందల కోట్ల ప్రాంతముననున్న రక్షణ వ్యయము, 1963-64లో దాదాపు ఎనిమిది వందల కోట్లకు పెరిగినది. వైమానిక దళమును 45 స్క్వాడ్రనులకు పెంచ నిర్ణయించిరి. మరల బావి త్రవ్వుటయే!

సొమ్ము ఒక్క సంతకముతో వచ్చినది. పైలట్లు ఒక్క సంతకముతో రారు. 1965 సెప్టెంబరు 1న పాకిస్తాను ట్యాంకులు ఛంబ్ వద్ద చొచ్చుకొని వచ్చినప్పుడు మనవారు పంపిన వాంపైరు విమానములు అప్పటికే కాలము చెల్లినవి. ఆ సాయంకాలమే నాలుగు కూలినవి. సెప్టెంబరు 7న సర్గోధాపై దాడికి పోయిన స్క్వాడ్రన్ లీడరు దేవయ్య, కూర్గు దేశపువాడు, విమాన కళాశాలలో శిక్షకుడు. పాఠము చెప్పువాడే మిస్టీరు నెక్కి పోయినాడు. తన విమానముకంటె ఎంతో వడిగల స్టార్‌ఫైటరును ఎదిరించి కూల్చి, తానును తిరిగి రాలేదు. ఆ సంగతి మనకు పాకిస్తాను వైపు వృత్తాంతముల వలన చాల ఆలస్యముగా తెలిసినది. మహావీర చక్రము 1988లో గాని రాలేదు. శిక్షకుడనిన వెనుక వరుసలో కూర్చుండు వాడనుకొను వారికి ఈ ఒక్క పేరు చాలును.

తెలుగు దేశములో విమాన విద్యకు పెద్ద గుడి హైదరాబాదు దాపున దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీ. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు శంకుస్థాపన చేసిరి. 1971లో అది పని మొదలుపెట్టినది. హైదరాబాదులోనే పుట్టి నిజాం కళాశాలలో చదివిన ఇద్రిస్ హసన్ లతీఫ్‌గారు 1978 నుండి 1981 వరకు దళమునకు పెద్దగా ఉండిరి. ఇంత ఏర్పాటున్నను పాత జబ్బు మాత్రము వదలలేదు. నిదానమైన శిక్షణ విమానము దిగిన కుర్రవాడు నేరుగా మిగ్-21 వంటి మిక్కిలి వడిగలదానిని ఎక్కవలసి వచ్చెడిది. నడుమ ఒక మెట్టు లేదు. ఆ మెట్టు కావలయునని 1982లో లా ఫాంటేన్ సంఘము చెప్పినది. ఆ మెట్టునకు, అనగా హాక్ అను శిక్షణ విమానములు 66 కొనుటకు, ఒప్పందము కుదిరినది 2004 మార్చిలో. బీదరులో ఆ విమానములు చేరినది 2008లో. సంఘము చెప్పిన నాటి పసిబిడ్డలే వాటిని ఎక్కిరనిన సరిపోవును.

నడుమ ఏమైనది? 1971-72 నుండి 2012 ఏప్రిలు వరకు 482 మిగ్ విమానములు ప్రమాదములకు లోనైనట్లును, 171 మంది పైలట్లు మరణించినట్లును రక్షణ మంత్రి పార్లమెంటునకు తెలిపిరి. అన్నింటికిని శిక్షణ లోపమే కారణమనుట న్యాయము కాదు. యంత్రము చెడినవియు చాల కలవు. కాని మెట్టు లేని మేడ ఎక్కించినప్పుడు జారినవానిదే తప్పనుటయు న్యాయము కాదు. వారిలో చాలమంది ఇరువది మూడు, ఇరువది నాలుగేండ్ల వారు. మన ఇండ్లలో ఆ వయస్సు పిల్లలకు ఇంకను పెండ్లి సంబంధములైనను చూడము.

మొదటి మెట్టు సంగతియు అంతే. దుండిగల్లులో ఓనమాలు దిద్దించిన హెచ్.పి.టి.-32 విమానములను, 2009లో మరి ఇద్దరు మరణించిన పిదప నేలపై నిలిపివేసిరి. స్విట్జర్లాండు నుండి పిలాటస్ విమానములు 75 కొనుటకు 2012లో ఒప్పందము జరిగి, మరుసటి యేడు అవి వచ్చినవి. అంతవరకు కుర్రవాండ్రు జెట్టు విమానము పైననే అక్షరాభ్యాసము చేసిరి. స్వదేశములో తయారగు హెచ్.టి.టి.-40 విమానములు 70 కొనుటకు 2023 మార్చిలో ఒప్పందమైనది.

కంప్ట్రోలర్ ఆడిటర్ జనరలుగారి లెక్క ఒకటి 2024 డిసెంబరులో వెలువడినది. 2015 ఫిబ్రవరిలో పైలట్ల కొరత 486. కొరత తీర్చుటకని ఏటేట 222 మందిని చేర్చుకొన నిర్ణయించిరి. ఆ సంఖ్య నిండలేదు. 2021 ముగియునప్పటికి కొరత 596 అయినది. తీర్చబూనిన అప్పు వడ్డీతో పెరిగినట్లు! 2025 సెప్టెంబరు 26న చండీగఢులో మిగ్-21లకు వీడ్కోలు చెప్పునప్పటికి, మంజూరైన 42 స్క్వాడ్రనులకు మిగిలినవి 29. పత్రికలన్నియు ఈ రెండవ లెక్కనే పెద్ద అక్షరములలో వేసినవి. మాకు మొదటి లెక్కయే ఎక్కువ భయము కలిగించినది. డబ్బున్నచో విమానమును పరదేశము నుండియైనను తెప్పించుకొనవచ్చును, 596 మంది పైలట్లను ఎవరమ్ముదురు?

ఇక అరక్కోణము మాట. గడ్డి మొలచిన ఆ యుద్ధకాలపు బాటను నౌకాదళము తీసికొని, విస్తరించి, 1992 మార్చి 11న రాజాళి అను పేర తెరచినది. రాష్ట్రపతి వెంకట్రామన్‌గారు ఆరంభోత్సవము చేసిరి. తుపొలేవ్ అను భారీ సముద్రపు కాపలా విమానములు 2017 వరకు ఇచ్చటనే ఉండినవి. 2013 నుండి అమెరికా దేశపు పి-8 విమానములు ఆ పని అందుకొన్నవి. 2015 డిసెంబరు వరదలలో చెన్నై విమానాశ్రయము నీట మునిగినప్పుడు, చిక్కుకొన్న ప్రయాణికులను ఈ బాట నుండియే పంపిరి. అరక్కోణము వరకు వారిని చేర్చుటలో మా రైలుదారియు, బస్సుదారియు పనికి వచ్చినవి.

ఆ రాజాళిలోనే హెలికాప్టరు శిక్షణ పాఠశాల యున్నది. నౌకాదళమునకును, తీర రక్షక దళమునకును హెలికాప్టరు పైలట్లు అక్కడ తయారగుదురు. తాంబరమునకు పోలిన ఓపిక పని ఇచ్చటను జరుగుచున్నది. నేల నుండి రెండు బారల ఎత్తున హెలికాప్టరును కదలక నిలుపుట నేర్చుకొనుటయే మొదటి పెద్ద పరీక్ష. అది పట్టుబడుటకు గంటల కొలది వృథాగా ఇంధనము కాలినట్లు కనబడును. తరువాత ఒకనాడు అలలపై ఊగు ఓడ వెనుక పలకపై చీకటిలో దిగుటకు పనికివచ్చునది ఆ గంటలే. ఈ పాఠశాలలో తరతరముల విద్యార్థులు నేర్చుకొన్నది చేతక్ హెలికాప్టరుపై. ఫ్రాన్సు దేశములో దాని మాతృక మొదటిసారి ఎగిరినది 1959లో, అనగా తిరుత్తణి ఇంకను చిత్తూరు జిల్లాలో ఉన్నప్పుడు.